కొల్లేటి సీమ రోగాలు – ఏడు సముద్రాల అవతలి మందు

కల్పిత లోకాలలోని రోగాలకు ఒక క్రమం ఉంటుంది. పేదరాశి పెద్దమ్మ కథ అయినా, కాశీమజిలీలలో మణిసిద్ధుడు చెప్పిన కథ అయినా, రోగాన్ని ఎవరో ఒకరు పంపుతారు. శపించిన ముని, అలిగిన దేవత, పగబట్టిన మాంత్రికుడు. దానికి మందు ఒక్కటే. అది ఏడు సముద్రాల అవతల, పాము కాపలా కాసే తోటలో ఉంటుంది. రాకుమారుడు వెళ్ళి తెస్తాడు. తాకించగానే రోగం మాయమవుతుంది. 1962లో వచ్చిన 'గులేబకావళి కథ' చిత్రంలో చూపు పోయిన రాజు కోసం పువ్వును వెతికి తేవడం ఈ క్రమానికి మనందరమూ ఎరిగిన ఉదాహరణ.

వీటిని పిల్లల కథలని తోసివేయడం తేలిక. అయితే రోగాన్ని పంపినదెవరు, మందు ఎక్కడ ఉన్నది, తెచ్చినదెవరు అనే మూడు ప్రశ్నలతో కొల్లేటి సీమ చరిత్రను చదివితే, కథ ఎక్కడ నిజమైనదో, ఎక్కడ మనల్ని మోసగించిందో రెండూ తెలిసివస్తాయి.

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ ఏర్పడిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు వచ్చి ఇందులో కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒకటి. కనుక నీరు నిలుస్తుంది. సరస్సు మధ్య లంక కొల్లేటికోట. ఒకప్పుడు కృష్ణా జిల్లాలోనిది, 2022 నుండి ఏలూరు జిల్లాలోనిది. అక్కడి పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణ మాసంలో జనం తరలివస్తారు. గజపతుల కాలంలో ఈ కోటను ముట్టడించిన శత్రువు, సరస్సు నీటిని సముద్రంలోకి వదిలివేయాలని ఉప్పుటేరును తవ్వించాడనీ, కోటలోని సేనాని విజయం కోరి కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందనీ స్థల పురాణం. కొల్లేటి వారి ఊహలో నీటికీ ప్రాణానికీ లంకె ఎంత గట్టిదో ఈ ఒక్క కథ చాలు చెప్పడానికి.

ఆ లంకెను వైద్యులు ఇంకొక విధంగా చూశారు. మనం బోదకాలు అనే వ్యాధిని ఆయుర్వేదం శ్లీపదం అన్నది. పాత నీరు నిలిచి ఉండి, అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే దేశాలలో ఇది ప్రత్యేకించి పుడుతుందని సుశ్రుతుడు నిదానస్థానంలో చెప్పాడు. ఆయన కొల్లేటిని చూశాడని కాదు. చూసినవాడు ఇంతకంటె బాగా చెప్పలేడని మాత్రం అనవచ్చు. దోమ సంగతి తెలియని కాలంలోనే రోగాన్ని శాపానికి కాక నేలకూ నీటికీ అంటగట్టడం సామాన్య విషయం కాదు. చికిత్సగా రక్తమోక్షణం, లేపనాలు చెప్పి, ఏడాది దాటి పుట్టలా పెరిగిన కాలును మాత్రం విడిచివేయమన్నాడు. తన మందు ఎక్కడ ఆగిపోతుందో చెప్పగల నిజాయితీ మాంత్రికుడికి ఉండదు, వైద్యుడికి ఉంటుంది.

మశూచికి వచ్చేసరికి పల్లెలు దేవత భాషనే వాడాయి. 'అమ్మవారు పోసింది' అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టడం, ఇంట పోపు వేయకపోవడం, బయటివారిని రానీయకపోవడం, చలువ చేసే ఆహారం పెట్టడం, ఇదంతా ఆ తల్లిని శాంతింపజేయడానికే. భయం కల్పితమే కావచ్చు. పరాయివాడిని గడప దాటనీయని ఆ కట్టుబాటు మాత్రం వ్యాధి వ్యాప్తిని కొంత ఆపగలిగేదే. టీకాతో మశూచి 1975 నాటికి మన దేశంలో అంతరించింది. ప్రపంచం నుండే తొలగిపోయిందని 1980లో ప్రకటించారు. అమ్మవారు నిలిచారు, రోగం వెళ్ళిపోయింది.

బోదకాలు అలా వెళ్ళలేదు. దానిని 'పంపినవాడు' ఎవరో తొలిసారి 1877లో చైనా తీరాన తెలిసింది. ఫైలేరియా క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ కనుగొన్నాడు. ఈ క్రిమి పిల్లలు రోగి రక్తంలో రాత్రిపూటే పైకి తేలుతాయి. పగలు ఊపిరితిత్తులలో దాగుతాయి. కుట్టే దోమ కూడా రాత్రిదే. అందుకే రక్తపరీక్షకు వచ్చేవారు ఊరు నిద్రపోయాక వచ్చి తలుపు తట్టేవారు. నిశాచరుల కథలు అల్లినవారికి ఇంతకంటె మంచి నిశాచరుడు దొరకడు.

ఇక మందు తెచ్చినవాడు. కొల్లేటికి కూతవేటు దూరంలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గ్రహణి వ్యాధి ఆయన అన్నదమ్ములిద్దరిని ఎనిమిది రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆయనకూ అదే రోగం వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తరువాత అమెరికా చేరారు. 1940లో లెడర్లీ సంస్థలో ప్రవేశించాక, గ్రహణికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు బోదవ్యాధి సోకడంతో దాని మందు కోసం వెతుకులాట ఊపందుకున్నది. పైపెరజిన్ వర్గానికి చెందిన పదార్థాలను ఒక్కొక్కటిగా ఎలుకల మీద పరీక్షించి, ఆ బృందం 1947 నాటికి డైఇథైల్‌కార్బమజైన్‌ను తేల్చింది. హెట్రజాన్ దాని వ్యాపారనామం. మరుసటి ఏడే, 1948లో, సుబ్బారావుగారు అక్కడే కన్నుమూశారు. కథలోని రాకుమారుడు మందుతో ఇల్లు చేరుతాడు. ఇక్కడ మందు వచ్చింది, మనిషి రాలేదు.

కల్పిత కథ నిజంతో పూర్తిగా విడిపోయేది ఈ చోటనే. ఆ మాత్ర తాకించగానే కాలు పూర్వంలా అయిపోదు. అది ముఖ్యంగా రక్తంలోని క్రిమి పిల్లలను చంపుతుంది. పెద్ద క్రిములు ఏళ్ళ తరబడి బ్రతుకుతూ మళ్ళీ పిల్లలను పెడతాయి. కనుక ఏడాదికొకసారి, కొన్నేళ్ళ పాటు, ఊరంతా మింగాలి. కాలు వాచినవాడు ఒక్కడే మింగితే లాభం లేదు. వాపు లేకుండానే క్రిమిని మోసేవాడు పక్కింట్లో ఉంటాడు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుండి దేశవ్యాప్తంగా ఏటా ఇంటింటికీ మాత్రలు పంచే పద్ధతి వచ్చింది. చైనా ఇదే మందును ఉప్పులో కూడా కలిపి పంచి, 2007 నాటికి బోదకాలును రూపుమాపిన దేశంగా గుర్తింపు పొందింది. మన ఇళ్ళలో మాత్ర మింగేవారు మింగుతారు. తక్కినది అటక మీదికో అలమరలోకో పోతుంది. 'నాకేం రోగం లేదే, నేనెందుకు మింగాలి' అన్నది ప్రశ్న. కథలలో మందు ఒక రాజు కోసం వస్తుంది. ఈ మందు ఊరికోసం వచ్చింది. ఊరి కోసం మింగమంటే వినే చెవి మనకింకా పూర్తిగా ఏర్పడలేదు. ఆ లోపానికి వెల కడుతున్నది కాలు వాచి పొలం పనికి పోలేనివాడు, పెళ్ళి సంబంధం తప్పిపోయిన ఆడపిల్ల.

2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోసాగారు. కొద్ది రోజుల్లోనే వందలాది మంది ఆసుపత్రులపాలయ్యారు. ఆ నాలుగు రోజులూ ఊరు మళ్ళీ కల్పిత లోకంలోనే బ్రతికింది. పేరు లేని రోగం, పంపినదెవరో తెలియదు. పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల వైపు నిపుణుల వేలు చూపింది. ముని లేడు, మాంత్రికుడు లేడు. శాపం ఉన్నదీ అంటే మనం చేతులారా చల్లినదే.

అదే సుశ్రుతుడు చెప్పిన మాట, మరొక రూపంలో: రోగాన్ని అడగాలంటే ముందు నీటిని అడగాలి. కొల్లేరును 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. పక్షుల కోసమని చెప్పిన ఈ పనులన్నీ నిజానికి ఆ నీటి ఒడ్డున బ్రతికే మనుషుల ఆరోగ్యానికి కూడా చెందినవే. నీరు కదిలే దారిని మూసివేసి, మందు కోసం ఏడు సముద్రాల అవతలికి చూడడం కథలలో చెల్లుతుంది.

కొల్లేటి లంకలలో పెద్దలు ఈ రోగాలకు వాడిన పేర్లు, చెప్పుకున్న కథలు మిత్రులకు ఎవరికైనా గుర్తుంటే రాసి పెట్టండి. మందు దొరికాక మరచిపోయే మొదటి విషయం, రోగం ఉన్నప్పటి మాట.