మంచును గెలిచిన బ్రహ్మ కోడి

1852లో విక్టోరియా రాణికి అమెరికా నుంచి ఒక కానుక వెళ్లింది. తొమ్మిది బూడిదరంగు కోళ్లు! పంపింది మసాచుసెట్స్‌కు చెందిన కోళ్ల వ్యాపారి జార్జ్ బర్న్‌హామ్. లండన్ పత్రికలో వాటి బొమ్మ అచ్చయ్యాక ఆ కోళ్ల ధరలు ఆకాశాన్నంటాయి. అవే నేటి బ్రహ్మ కోళ్లు.

1842 తర్వాత షాంఘై రేవులో పాశ్చాత్యుల వర్తకం మొదలైంది. కాళ్ల నిండా ఈకలున్న భారీ చైనా కోళ్లు ఓడలెక్కాయి. 1849లో బోస్టన్‌లో కోళ్ల ప్రదర్శన పెడితే జనం వేలల్లో తరలివచ్చారు. షాంఘై కోళ్లను చిట్టగాంగ్ కోళ్లతో కలిపి అమెరికన్లు ఈ జాతిని తీర్చిదిద్దారన్నది బలంగా వినిపించే మాట. బ్రహ్మపుత్ర నది పేరు పెట్టినా, అది స్థిరపడింది న్యూ ఇంగ్లండు చలిలోనే.

ఆ చలిలో కోడికి మొదట దెబ్బతినేది తలమీది ఎర్రటి జుట్టు. పొడవుగా ఉంటే గడ్డకట్టి నల్లబడిపోతుంది. బ్రహ్మకు బఠాణీలు పేర్చినట్టు మూడు పొట్టి వరుసలే ఉంటాయి. దీనికి కారణం ఎస్ఓఎక్స్5 అనే జన్యువులోని మార్పు అని 2009లో తేలింది. మన అసీల్ పుంజుల తలమీదా ఇదే పొట్టి జుట్టు. పందెంలో ప్రత్యర్థి ముక్కుకు చిక్కనిది, అక్కడ మంచుకూ చిక్కలేదు.

ఇక ఈకల సొగసు చూడాల్సిందే. ముదురు రకం పెట్ట ఈక ఒక్కటి చేతిలోకి తీసుకుంటే, బూడిదరంగు మీద ఈక అంచు వంపునే అనుసరిస్తూ, ఒకదానిలో ఒకటి ఒదిగిన సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. లేత రకానిది తెల్లటి ఒళ్లు. మెడమీది నల్లని ఈకలకు తెల్లటి అంచు. వేళ్లదాకా దిగిన ఈకలు వెచ్చదనమిస్తాయి. కానీ బురదలో తడిస్తే అవే గడ్డకట్టి ప్రమాదమవుతాయి. అందుకే పొడినేల తప్పనిసరి.

అయిదు కిలోలు దాటే పుంజు, చలికాలంలోనూ గుడ్లుపెట్టే పెట్ట. 1930 ప్రాంతం వరకు అమెరికాలో మాంసానికి పెంచే కోళ్లలో బ్రహ్మదే పైచేయి. త్వరగా ఎదిగే కోళ్లు వచ్చాక సంతలో దానికి చోటు పోయింది. అయినా జాతి మిగిలిందంటే, కోళ్ల జాతుల లక్షణాలను నిర్దేశించిన 1874 నాటి అమెరికా ప్రమాణ గ్రంథానికి కట్టుబడి, ఈక ఈకా చూసి జత కట్టించిన పెంపకందారుల చలవే. అందం కోసం వారు కాపాడిన కోడితోపాటే చలిని తట్టుకునే గుణమూ బతికింది. ఏ నాటుజాతినైనా లాభం లేదని వదిలేసే ముందు, దానితో ఏయే గుణాలు పోతాయో లెక్క చూసుకోవాలి. మన అసీల్‌కూ ఇదే వర్తిస్తుంది.