యజ్ఞం రాజుది, చైత్యం ఆడపడుచుది

పల్నాడులోని మాచవరం నుంచి పడమరగా మాచర్ల దాటి వెళితే నాగార్జునకొండ. దక్షిణాన నకరికల్లు మండలంలో చేజర్ల. ఈ రెండు చోట్లా నిలిచిన రాళ్ళను కలిపి చదివితే పల్నాడు మరో రకంగా కనిపిస్తుంది. పల్నాడంటే మనకు వెంటనే గుర్తొచ్చేది 12వ శతాబ్దపు యుద్ధం, బ్రహ్మనాయుడు, నాగమ్మ, శైవ వైష్ణవాల పట్టుదలలు. నిజానికి ఆ పోరులో మతం కంటే గద్దె పాలే ఎక్కువన్నది నా అభిప్రాయం. ఆ సంగతి అలా ఉంచి, అంతకు తొమ్మిది వందల ఏళ్ళు వెనక్కి వెళదాం.

క్రీస్తు శకం 3వ శతాబ్దం. నాగార్జునకొండ లోయలోని విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. వంశ స్థాపకుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు, కార్తికేయుడి భక్తుడు. ఆయన సొంత తోబుట్టువు చాంతిసిరి మాత్రం బుద్ధుణ్ణి కొలిచింది. కొండల నడుమ లోయలో ఆమె పూనికతో మహాచైత్యం లేచింది. ఆమె మేనల్లుడూ అల్లుడూ అయిన వీరపురుషదత్తుడు గద్దెనెక్కిన 6వ ఏట అది పూర్తయింది.

ఆ చైత్యం చుట్టూ నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు నిలబెట్టారు. వాటి మీది ప్రాకృత శాసనాలను ఒకసారి నిదానంగా చూడాలి. మొదట బుద్ధుడికి నమస్కారం. ఆ వెంటనే, అదే రాతి మీద, రాజు చేసిన యజ్ఞాల జాబితా. కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ళ నేల దానమిచ్చాడన్న పొగడ్త. బౌద్ధ స్తూపం కంబం మీద అశ్వమేధం ఊసెందుకని చెక్కినవాళ్ళకు అనిపించలేదు. చివర్లో ఆమె కోరిక: పుణ్యం పుట్టింటికీ మెట్టినింటికీ, పోయినవాళ్ళకూ ఉన్నవాళ్ళకూ రాబోయేవాళ్ళకూ దక్కాలి, తనకు నిర్వాణం కావాలి, లోకమంతటికీ మేలు జరగాలి. సోదరుడు మతం మారాలని ఆ కోరికలో ఎక్కడా లేదు.

అత్తాకోడళ్ళు, అక్కచెల్లెళ్ళు విహారాలు కట్టించడం, మగవాళ్ళు గుళ్ళు కట్టించడం ఆ ఇంట్లో తరాల తరబడి సాగింది. వీరపురుషదత్తుడి కొడుకు ఎహువల చాంతమూలుడి 11వ పాలనా సంవత్సరమే చూడండి. ఆ ఏడాదే అతడి తోబుట్టువు, వనవాస రాజు భార్య కొడబలిసిరి, బౌద్ధంలోని మహీశాసక శాఖ ఆచార్యులకు విహారం కట్టించింది. ఆ ఏడాదే సేనాని ఎలిసిరి సర్వదేవుడి గుడి కట్టించాడు. రాళ్ళు కొట్టే పనివాళ్ళకు చేతినిండా పని ఉండి ఉంటుంది.

విజయపురి చదువుల ఊరు కూడా. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం తామ్రపర్ణి, అంటే సింహళం, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిన సంగతి చెబుతుంది. ఆ ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల వరుస అందులో ఉంది: కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, ద్రవిడం ఇంకా కొన్ని. యజ్ఞం చేసిన రాజవంశపు నీడలో, కృష్ణ ఒడ్డున, ఇంత లోకం పేర్లు వినబడుతుండేవి.

ఇక చేజర్ల. అక్కడి కపోతేశ్వరాలయం గర్భగుడి వెనుక భాగం గుండ్రంగా, ఏనుగు వీపులా వంగి ఉంటుంది. బౌద్ధ చైత్యగృహాల రూపం అది. ఒకప్పుడు బౌద్ధులదే, తర్వాత శివాలయమైందని చాలామంది చరిత్రకారులు రాశారు. కావచ్చు. అయితే నాగార్జునకొండలో వైదిక దేవతల గుళ్ళకూ ఇదే గజపృష్ఠ రూపం కనిపించింది కాబట్టి, రూపం చూసి లాక్కున్నారని తేల్చడం తొందరపాటే. మేస్త్రీలు ఒకరే అయి ఉండవచ్చు కదా.

నన్ను ఆపేది ఆ గుడి కథ. డేగ తరిమిన పావురం శిబి చక్రవర్తి ఒడిలో వాలింది. పావురం ఎత్తు మాంసం తన తొడ నుంచి కోసి తక్కెడలో వేశాడు, చాలక చివరికి తానే తక్కెడ ఎక్కాడు. ఆ దేహమే లింగమైందని చేజర్ల స్థల పురాణం. మహాభారతంలో ఉన్న కథే. బౌద్ధులకు శిబి బుద్ధుడి పూర్వజన్మ; నాగార్జునకొండ శిల్పులు ఆ జాతకాన్ని రాతిలో చెక్కారు. ఒకే కథ విన్న జనం ఒకచోట స్తూపానికి ప్రదక్షిణం చేశారు, ఇంకోచోట లింగానికి నీళ్ళు పోశారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చారంటే జవాబు చెప్పడం కష్టం. రెండు వైపులా చెవులు తెరిచే ఉన్నాయి.

చేజర్ల ప్రాంతాన్ని ఇక్ష్వాకుల తర్వాత ఆనందగోత్రికులు ఏలారు. చేజర్ల శాసనంలో ఆ వంశపు కందర రాజు పేరుంది. అదే వంశంలో అత్తివర్మ శంభుడి భక్తుడు, దామోదరవర్మ సమ్యక్సంబుద్ధుడి భక్తుడు. దామోదరవర్మ వేయించిన మట్టెపాడు తామ్ర శాసనం దొరికింది. బుద్ధుడి పాదాలు కొలిచే ఆ రాజు అందులో ఊరిని దానమిచ్చింది బ్రాహ్మణులకు.

నాగార్జునకొండ లోయ ఇప్పుడు సాగర్ జలాశయం అడుగున ఉంది. 1926లో ఈ స్థలం వెలుగులోకి వచ్చింది. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి తవ్వించాడు. ఆనకట్ట వస్తుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా గాలించారు. మునిగిపోయేవాటిలో ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి పేర్చారు. అశ్వమేధ స్థలంలో యజ్ఞం ముగిశాక చేసే అవభృథ స్నానపు కోనేరూ, విహారాల గోడలూ అదే బృందం చేతుల మీదుగా వెలికి వచ్చాయి. విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కితే కొండ మీది మ్యూజియానికి చేరవచ్చు. చేజర్లకు నరసరావుపేట వైపు నుంచి దారి ఉంది.