ఉప్పెన మార్చిన మేయరు పీఠము

ఉగాది సంచికలో అమెరికా దేశపు ఒక చిన్న నగరము యొక్క మేయర్ల ముచ్చట ఏల యని చదువరులలో కొందరికి తోపవచ్చును. ఉప్పెన యనగా నేమో మన కోస్తావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1839వ సంవత్సరమున గోదావరి ముఖమందలి కోరంగి రేవును సముద్రము ముంచివేసెను. ఆ సంవత్సరముననే, అప్పటికి ప్రత్యేక రాజ్యముగా నున్న టెక్సాసులో, గాల్వెస్టన్ అను ద్వీపనగరము తన మొదటి మేయరును ఎన్నుకొనెను. అరువదియొక్క యేండ్లకు ఆ యూరి మీదికిని అట్టి ఉప్పెనయే వచ్చెను. కోరంగి తన పూర్వ వైభవమును మరల చూడలేదు. గాల్వెస్టన్ మాత్రము తేరుకొని నిలిచెను. ఎట్లు నిలిచెనో, అందుకై తన మేయరు పదవిని ఏ విధముగా మార్చుకొనెనో, ఆ మార్పునకు వెల చెల్లించినవారెవరో తెలుపుటకే మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదటి మేయరు జాన్ అలెన్ గారు మంచి సాహసి. గ్రీకులు తుర్కీ సుల్తానుపై తిరుగబడినపుడు వారి పక్షమున పోరాడినవాడు. 1836లో టెక్సాసు స్వాతంత్ర్యమును తేల్చిన శాన్ హసింటో యుద్ధములోను ఉన్నవాడు. 1840లో క్రొత్త ఛార్టరు వచ్చి ఓటు హక్కును కుదింపగా, ఆయన దాని నొప్పుకొనక, పురపాలక సంఘపు రికార్డులను తన యింటికి మోయించుకొని పోయి రెండు ఫిరంగులను కాపలా పెట్టెను. తుదకు మెకిన్నీ అను వర్తకుడు మనుషులను వెంటబెట్టుకొని పోయి ఆ కాగితములను తెచ్చెను. దినమంతయు రికార్డులతోనే కాలము గడపు మా బోటి గుమాస్తాలకు, వానికి ఫిరంగుల కాపలా దొరికిన సందర్భము మరియొకటి తెలియదు.

ఆ తరువాత అరువది యేండ్లలో గాల్వెస్టన్ పత్తి ఎగుమతికి గొప్ప రేవయ్యెను. మేయరును, వార్డుల ఆల్డర్మన్లును ఊరిని ఏలుచుండిరి. ఈ పాలనలో లోపములు లేకపోలేదు. ప్రతి ఆల్డర్మనును తన వార్డు వీధి, తన వార్డు కాలువ అని లాగుచుండగా నగరము అప్పుల పాలయ్యెను. కాని ఆ వార్డుల వలననే నోరిస్ రైట్ క్యూనీ వంటివాడు సభలో కూర్చుండగలిగెను. క్యూనీ తల్లి బానిస. తండ్రి తెల్లజాతి భూస్వామి. ఆయన 1875లో మేయరు పదవికి పోటీచేసి ఓడెను. 1883లో ఆల్డర్మనుగా ఎన్నికయ్యెను. రేవులో తెల్లవారికే పరిమితమైన పనిని నల్లజాతి కూలీలకును ఇప్పించినది ఆయనయే. ఆ రేవులో పత్తి బేళ్లను ఓడ కడుపులో మర జాకీలతో బిగించుచుండిరి. ఈ జాకీల మాట చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

1900 సెప్టెంబరు 8, శనివారము. ఊరి జనాభా సుమారు 38 వేలు. ద్వీపములో మిక్కిలి మెరకయైన చోటు కూడ సముద్రమునకు తొమ్మిది అడుగుల ఎత్తు లేదు. వచ్చిన ఉప్పెన పదునైదు అడుగులకు మించినది. ఆరు వేలకు తక్కువ గాకుండ, ఎనిమిది వేలవరకు జనులు మృతిచెందిరని అంచనా. 3,600 ఇండ్లు నేలమట్టమయ్యెను. రైలు వంతెనలన్నియు కొట్టుకొనిపోయెను. మా వృత్తి రైల్వే గనుక ఒక సంగతి చెప్పక మానలేము. బ్యూమాంటు నుండి వచ్చిన పాసెంజరు బండి ఎదుటి ఒడ్డున బొలివార్ వద్ద ఆగెను. బండిని దాటించు పడవ గాలికి ఒడ్డు చేరలేకపోయెను. ప్రయాణికులలో పదిమంది నీటిలో నడచి దీపస్తంభమునకు చేరి బ్రతికిరి. బండిలోనే ఉన్నవారిలో ఒక్కరును మిగులలేదు.

మరునాడు, ఆదివారము ఉదయము, మేయరు వాల్టర్ జోన్స్ మిగిలిన పెద్దలను ట్రెమాంటు హోటలులో సమావేశపరచెను. ఆయన అధ్యక్షతన చిన్న సహాయ సంఘమొకటి ఏర్పడి, శవదహనము ఒకరికి, ఆసుపత్రి ఒకరికి, ధనము ఒకరికి అని పనులు పంచుకొనెను. శవములను మొదట పడవలపై తీసికొనిపోయి సముద్రములో వేసిరి. అలలు వానిని మరల ఒడ్డునకు చేర్చెను. ఇక చితులు పేర్చక తప్పలేదు. డెబ్బది యెనిమిదేండ్ల క్లారా బార్టన్ గారు రెడ్ క్రాసు తరపున సహాయమునకు వచ్చిరి.

పనులు పంచుకొన్న ఆ కొద్దిమంది చేసిన తీరు వర్తకులకు నచ్చెను. రేవు లోతు కొరకు 1882లో ఏర్పడిన వారి కమిటీ ఒకటి ఉండెను. ఆ కమిటీవారు క్రొత్త ఛార్టరును తయారుచేసి 1901లో రాష్ట్ర శాసనసభచే ఆమోదింపజేసిరి. ఆల్డర్మన్లు పోయిరి. వారి స్థానమున అయిదుగురు కమీషనర్లు: ఆర్థికమునకు ఒకరు, నీటిసరఫరాకు ఒకరు, వీధులకు ఒకరు, పోలీసు, అగ్నిమాపక దళములకు ఒకరు, వారిపై అధ్యక్షుడుగా మేయరు. ముగ్గురిని గవర్నరు నియమించెను, ఇద్దరిని జనులు ఎన్నుకొనిరి. ఈ నియామకము చెల్లదని కోర్టు తేల్చుటచే 1903 నుండి అయిదుగురును ఊరి మొత్తము ఓటుతో ఎన్నికగుచుండిరి. క్రొత్త పద్ధతిలో మొదటి మేయరు జడ్జి విలియం ఆస్టిన్ గారు. ఆయనకు వీటో లేదు. అయిదింటిలో ఒక్క ఓటు మాత్రమే. పేరుకు మేయరు పెద్దయైనను, ఆర్థిక కమీషనరైన ఐజాక్ కెంప్నరు గారి ఖాతాపుస్తకమే అసలు పెద్దయని మా అభిప్రాయము.

ఇక పనులా? నిజముగా ఆశ్చర్యకరములు. కౌంటీవారు 1902లో మొదలిడి 1904 నాటికి మూడు మైళ్లకు పైగా పదునేడు అడుగుల ఎత్తున సముద్రపు గోడ కట్టించిరి. ప్లాను వేసిన ముగ్గురు ఇంజనీర్లలో హెన్రీ రాబర్టు గారు ఒకరు. సభలలో తీర్మానములు, సవరణలు ఏ వరుసలో రావలెనో నియమములు వ్రాసి ప్రసిద్ధికెక్కినది ఆయనయే. మన సంఘముల సర్వసభ్య సమావేశములను చూచినయెడల ఆయన ఏమనునో! తరువాత నగరమువారు ఊరి నేలనే పైకెత్తిరి. సుమారు అయిదువందల వీధి చతురస్రములలో ఇండ్లను, చర్చీలను జాకీలపై లేపి, నీటితో కలిపిన ఇసుకను గొట్టముల ద్వారా క్రింద నింపిరి. మూడువేల టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని ఏడువందల జాకీలతో అయిదడుగులు లేపిరి. ఈ పని 1910 దాక సాగెను. అంతకాలము జనులు ఎత్తైన చెక్కబాటలపై నడచిరి. అయితే ఎవరి యిల్లు లేపు ఖర్చు వారిదే. లేనివారి సంగతి ఏమని గవర్నరు గాని కమీషను గాని అడిగినట్లు కనబడదు. 1915లో మరల గట్టి తుఫాను వచ్చెను. ఈసారి ఊరిలో ప్రాణనష్టము అతిస్వల్పము.

గాల్వెస్టన్ పద్ధతి అను పేర ఈ పాలన 1905లో హూస్టనుకు, 1907లో డెమోయినుకు వ్యాపించి, కొలది కాలములో దాదాపు అయిదువందల నగరములు దీనిని చేపట్టెను. మెచ్చుకొనవలసినదే. కాని తులాభారపు రెండవ తట్టను కూడ చూడవలెను. ఊరిలో అయిదవ వంతునకు పైగా నల్లజాతివారు. 1895లోనే ఆల్డర్మన్ల ఎన్నిక ఊరి మొత్తము ఓటునకు మారెను. కమీషను వచ్చి వార్డులను పూర్తిగా తుడిచివేసెను. 1902లో రాష్ట్రము ఓటుకు తలపన్ను పెట్టెను. క్యూనీ 1898లోనే గతించెను. ఆయన కూర్చున్న చోటు వంటి చోటే ఆ పాలనలో లేకపోయెను. కమీషను సాగిన ఆరు దశాబ్దములలో అందు ఒక్క నల్లజాతి సభ్యుడును కూర్చుండలేదు. సముద్రమునకు అడ్డుగా లేచిన గోడ అందరినీ కాపాడినది. సభా భవనమునకు అడ్డుగా లేచిన గోడ కొందరినే లోపల ఉంచినది.

వడివడిగా పనిచేయుటకై పెట్టిన పాలన, పని తీరినపిమ్మట చప్పబడెను. జూదశాలలు బహిరంగముగా నడచుచున్నను మేయర్లు కన్ను మూసికొని యుండిరి. 1957లో రాష్ట్ర అటార్నీ జనరలు వచ్చి వానిని మూయింపవలసివచ్చెను. 1960లో జనులు కమీషనును వదలి, కౌన్సిలును, జీతపు మేనేజరును పెట్టుకొనిరి. క్రొత్త కౌన్సిలుకు 1961లో టి.డి. ఆర్మ్‌స్ట్రాంగ్ అను నల్లజాతి పెద్దమనిషి, కెంప్నరు గారి కోడలు రూత్ కెంప్నరు ఎన్నికైరి. వార్డుల వంటి విభాగములు 1990 తరువాతనే మరల వచ్చెను.

కెంప్నరు గారి మనుమరాలు లీడా ఆన్ థామస్ 2004లో మేయరయ్యెను. 2008 సెప్టెంబరులో ఐక్ తుఫాను వచ్చుచున్నదని తెలిసి అందరును ఊరు విడువవలెనని ఆమె ఉత్తరువిచ్చెను. వేలమంది వినక ఉండిపోయిరి. సముద్రము వైపు గోడ నిలిచెను గాని, నీరు వెనుకటి అఖాతము వైపు నుండి ఊరిలోనికి జొచ్చెను. ఈనాడు కౌన్సిలులో ఆరు విభాగములకు ఆరుగురు సభ్యులు, ఊరి మొత్తమునకు ఒక మేయరు. ఏడు ఓట్లలో ఆ మేయరుది ఒక ఓటు.