గంటకు పది నిమిషాలు

1998లో మా పెద్దబ్బాయి అమెరికా నుండి మొదటిసారి సెలవుపై వస్తూ వాళ్ళమ్మకు రైస్ కుక్కరు, నాకు ఎర్ర అంకెల కరెంటు గడియారం తెచ్చాడు. వాడు ప్రయాణ బడలికతో నిద్రపోతుండగా నేను ఆగలేక, కోఠిలో పిన్ను కొని తెచ్చి కుక్కరు ప్లగ్గుకు తగిలించి స్విచ్చి వేశాను. కాసేపటికే కమురు వాసన! మా ఆవిడ ఒక్క మాటా అనకుండా గ్యాసు మీద ఎసరు పెట్టింది.

పిన్ను ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. అక్కడ 120, ఇక్కడ 230. వోల్టేజి రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది.

ఈ తేడా ఎందుకొచ్చిందో రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను. 1882లో న్యూయార్కులో ఎడిసన్ తన దీపాలకు తగినట్లు సుమారు 110 వోల్టులతో సరఫరా ప్రారంభించాడు. 1899లో బెర్లిన్ విద్యుత్ సంస్థ 220కి మారింది. వోల్టేజి రెట్టింపయితే అంతే శక్తికి సగం కరెంటు చాలు. తీగల్లో నష్టం నాలుగోవంతే. వినియోగదారుల సామాను మార్చే ఖర్చు సైతం ఆ సంస్థే పెట్టుకుంది, తీగల్లో మిగిలింది అంత మరి! (మన ఆఫీసుల్లో ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరిగేదో!) ఐరోపా అదే బాట పట్టింది. బ్రిటిష్ వారి ద్వారా మనకూ ఆ పద్ధతే వచ్చింది.

కరెంటు సెకనుకు ఇక్కడ 50 సార్లు ఊగితే అమెరికాలో 60 సార్లు. జపాను సంగతి మరీ విచిత్రం. టోక్యో 1895లో జర్మనీ యంత్రాలు, ఒసాకా 1896లో అమెరికా యంత్రాలు తెప్పించుకోగా, నేటికీ ఆ దేశంలో తూర్పున 50, పడమట 60.

ఇక నా గడియారం. బుద్ధి తెచ్చుకుని దానికి ట్రాన్స్‌ఫార్మరు కొన్నాను. అబ్బాయి తిరుగు ప్రయాణం ముందు రాత్రి పదకొండింటికి టైము సరిచేసి, నాలుగింటికి అలారం పెట్టి పడుకున్నాను. పాలవాడు తలుపు కొడితే మెలకువ వచ్చింది. గోడ గడియారంలో నాలుగున్నర దాటింది. ఎర్ర అంకెల్లో ఇంకా నాలుగు కాలేదు! ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించింది గానీ ఊపును మార్చలేదు. అరవై ఊపులు లెక్కించి ఒక సెకను అనుకునే ఆ యంత్రం ఇక్కడ గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. విమానం అందింది గానీ, వాడికి కాఫీ అయినా ఇవ్వకుండానే పంపాం.

ఇప్పటి ఫోను చార్జర్ల మీద 100-240, 50/60 అని ఉంటుంది. వాటికి పిన్ను చాలు. పిల్లలు తెచ్చే మిక్సీ, ఇస్త్రీపెట్టె, కుక్కరు మాత్రం అడుగున రాసింది చదవకుండా ప్లగ్గులో పెట్టకండి.