రాన్ ప్రోటీన్
కణకేంద్రకంలోకి, అక్కడి నుంచి బయటికి ప్రోటీన్ల రవాణాను అదుపు చేసే చిన్న జీటీపేజ్ (జీటీపీ అణువును జీడీపీగా మార్చే ఎంజైమ్). 216 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ లేనిదే దిగుమతి సాగదని 1993లో మేరీ షానన్ మూర్, గుంటర్ బ్లోబెల్ చూపారు.

రాన్‌కు జీటీపీని అందించే ఆర్‌సీసీ1 కేంద్రకంలో క్రోమాటిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ జీటీపీని జీడీపీగా మార్పించే రాన్‌గ్యాప్ ఉండేది కణద్రవ్యంలో. అందుకే రాన్-జీటీపీ లోపల ఎక్కువ, బయట బహు తక్కువ. రవాణాకు దిశ చూపేది ఈ తేడాయే. దిగుమతి వాహక ప్రోటీన్ ఇంపోర్టిన్ బయట సరుకు ప్రోటీన్‌ను పట్టుకుని కేంద్రక రంధ్రం దాటుతుంది. లోపల రాన్-జీటీపీ వచ్చి దాని భాగమైన ఇంపోర్టిన్-బీటాకు అతుక్కోగానే పట్టు సడలి సరుకు విడిపోతుంది. ఎగుమతి వాహకాలైన ఎక్స్‌పోర్టిన్ల తీరు ఇందుకు తలకిందులు: రాన్-జీటీపీ తోడుంటేనే అవి సరుకును గట్టిగా పట్టుకుంటాయి. విశేషమేమిటంటే, రంధ్రం దాటడానికి నేరుగా జీటీపీ ఖర్చు కాదు. బయటికొచ్చి జీడీపీతో మిగిలిన రాన్‌ను ఎన్‌టీఎఫ్2 అనే ప్రోటీన్ మళ్లీ కేంద్రకానికి చేరుస్తుంది.