పైపుకు నిప్పు: అగ్గిపుల్లా? లైటరా?



కోయంబత్తూరులోని ఆర్.ఎస్. పురం మీలో చాలామంది ఎరిగిన పేటే. పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేసిన దివాన్ బహదూర్ రత్నసభాపతి మొదలియారు గారి పేరు ఆ పొడి అక్షరాల్లో ఉంది. అక్కడి డి.బి. రోడ్డు కూడా ఆయన బిరుదు మీద వెలిసిందే.

ఆషాఢంలో ఒక సాయంత్రం ఆ రోడ్డు మీద నిలబడి చూడండి. పడమట పాలక్కాడు కనుమ తలుపులు తెరిచిన వాకిలిలా ఉంటుంది. అందులోంచి దూసుకొచ్చే గాలికి భుజం మీద కండువా నిలవదు. ఆ గాలిలో ఒక పెద్దాయన పైపులో పొగాకు కూరి అగ్గిపుల్ల గీశాడనుకోండి. మొదటి పుల్ల ఆరింది. రెండోదీ ఆరింది. పక్కనున్న మనవడు "ఇదిగో తాతా, లైటరు" అన్నాడు. తాత "వద్దులేరా అబ్బీ" అంటూ మూడో పుల్ల గీశాడు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? ఈ చిన్న తగవు వెనక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. మన దక్షిణపు పల్లెల బతుకుతెరువూ ఉంది.

మదురై నాయకుల కాలంలో మన పూర్వీకులు ఈ నేలకు వచ్చి స్థిరపడినప్పుడు అగ్గిపెట్టె లేదు. చెకుముకి రాయి ఉండేది. గట్టి రాయితో ఉక్కుముక్కను కొడితే ఉక్కు రజను నిప్పురవ్వలై రాలేది. ఆ రవ్వను దూదిమీద పట్టి ఊదేవారు. తెలుగువారి చెకుముకి, తమిళుల శక్కిముక్కి రెండూ ఒకటే.

లైటరు కొత్తది, అగ్గిపుల్ల పాతది అని మనం అనుకుంటాం. నిజం అందుకు తలకిందులు. 1823లో జర్మనీలో డోబెరైనర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు జింకు, గంధకామ్లం కలిపి హైడ్రోజన్ పుట్టించి, దాన్ని ప్లాటినం మీదికి వదిలి మంట తెప్పించాడు. బల్లమీద పెట్టుకునే లైటరు అది. గీస్తే వెలిగే అగ్గిపుల్లను ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి అమ్మకానికి పెట్టింది 1827లో. అంటే లైటరే నాలుగేళ్ళు పెద్దది!

తర్వాత తెల్ల భాస్వరంతో పుల్లలు వచ్చాయి. ఎక్కడ గీసినా వెలిగేవి. కాని వాటిని తయారుచేసే కూలీల దవడ ఎముకలు కుళ్ళిపోయేవి. 1844లో స్వీడన్‌లో పాష్ అనే ఆయన విషం లేని ఎర్ర భాస్వరాన్ని పుల్లకు కాక పెట్టె పక్కకు పూయవచ్చునని చూపాడు. ఈనాటికీ మన అగ్గిపెట్టె పద్ధతి అదే. తెల్ల భాస్వరం పుల్లలను మనదేశంలో 1913లో చట్టం చేసి నిషేధించారు.

ఇక జేబు లైటరు సంగతి. అందులోని "రాయి" నిజానికి రాయి కాదు, ఇనుమూ సీరియమూ కలిసిన మిశ్రలోహం. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఔవర్ 1903లో కనిపెట్టాడు. చెకుముకిలో రాయి ఉక్కును గీరేది. లైటరులో ఉక్కు చక్రం ఈ "రాయి"ని గీరుతుంది. తాతగారి చెకుముకే వేషం మార్చుకుని మనవడి జేబులోకి వచ్చిందన్నమాట! ఆ సీరియం మోనజైటు ఇసుకలో దొరుకుతుంది. మన కన్యాకుమారి వైపు మణవాళకురిచ్చి తీరాన ఉన్నది ఆ ఇసుకే.

మరి పైపుకు ఏది మేలు? పైపును సిగరెట్టులా ఒక్క క్షణంలో అంటించలేము. ఒకసారి వెలిగిస్తే పొగాకు ఉబ్బి పైకి లేస్తుంది. దాన్ని మెల్లగా అదిమి రెండోసారి వెలిగించాలి. మంట గుండ్రంగా తిప్పాలి. కర్రపుల్ల మంట మెత్తన. అయితే తలమీది మందు పూర్తిగా కాలిపోయేదాకా ఆగాలి, లేకుంటే గంధకం వాసన పొగలో చేరుతుంది. పెట్రోలు లైటరు తన వాసనను తాను వదలదు. ఈల వేసినట్టు మండే జెట్ లైటరు పైపు అంచును మాడ్చేస్తుంది. గాలిలో అయితే మామూలు మంట గ్యాసు లైటరు, ఇంట్లో అయితే అగ్గిపుల్ల. రుచి మాటకొస్తే తాత నెగ్గాడు. గాలి మాటకొస్తే మనవడు నెగ్గాడు.

కాని శ్రోతలారా, అసలు తూకం వేరే ఉంది. 1922లో ప్రభుత్వం దిగుమతి అగ్గిపెట్టెల మీద సుంకం పెంచింది. ఆ రోజుల్లోనే శివకాశి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్ళి ఈ పని నేర్చుకుని వచ్చారు. వాన ముఖం చూడని నేల, పుల్లలు ఎండడానికి అనువైన ఎండ, పనికోసం ఎదురుచూసే చేతులు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల సీమ అయ్యాయి. ఆ కరిసల్ పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. చట్రంలో పుల్లలు పేర్చిన చేతుల్లో పసిచేతులూ ఉండేవన్నది దాచలేని నిజం. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పిల్లల విషయమై గట్టి తీర్పు ఇచ్చింది.

14 ఏళ్ళపాటు రూపాయే ఉన్న అగ్గిపెట్టె ధర 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. పది రూపాయల ప్లాస్టిక్ లైటరు ఒకటి 20 అగ్గిపెట్టెల అమ్మకాన్ని మింగుతుందని 2022లో తమిళనాడు ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం రాశారు. 2023 జూన్‌లో 20 రూపాయలకు లోపు ధరగల లైటర్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది.

పైపు తాగమని మీకు చెప్పడానికి నేను రాలేదు. నిప్పు ఏదైనా పొగ పొగే, నోటికీ గొంతుకూ అది చేటే. తాతగారు పైపు మానేస్తే నాకు సంతోషం. కాని పొయ్యికీ, దీపానికీ, కర్పూరానికీ నిప్పు కావాలి గదా! ఈసారి అంగట్లో చెయ్యి చాపేముందు ఒక్క క్షణం ఆ పెట్టెను తిప్పి చూడండి. దాని మీద అచ్చయిన ఊరిపేరు బహుశా మీ చుట్టాల ఊరే కావచ్చు.

సెలవు.