నిచ్చెన ఎక్కనివ్వని నియమాలు

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగి ఎప్పుడు ఎంత పైకి వెళ్ళవచ్చో ముందే రాసిపెట్టి ఉంటుంది. జనరల్ షెడ్యూల్ అనే జీతాల పట్టికలో ఇప్పుడు 15 గ్రేడ్లు, ఒక్కో గ్రేడులో 10 మెట్లు ఉన్నాయి. పని తృప్తికరంగా ఉంటే మొదటి మూడు ఇంక్రిమెంట్లు ఏడాదికొకటి, తరవాతి మూడు రెండేళ్ళకొకటి, చివరి మూడు మూడేళ్ళకొకటి చొప్పున వస్తాయి. పై గ్రేడుకు పోవాలంటే కింది గ్రేడులో సాధారణంగా 52 వారాలు గడవాలి. అదే భవనంలో, ఒక్కోసారి పక్క కుర్చీలోనే పనిచేసే కాంట్రాక్టు మనిషికి ఈ పట్టికలో చోటు లేదు. పదేళ్ళు చేసినా ప్రమోషన్ లెక్కలో అతని సర్వీసు సున్నా. ఇది ఎవరో మరిచిపోయిన పని అనుకుంటాం. నూటనలభై ఏళ్ళ చరిత్ర తిరగేస్తే మాత్రం అలా కనిపించదు. రెగ్యులర్ ఉద్యోగికి నిచ్చెన వేసిన చట్టాలే, దాని పవిత్రత కాపాడే పేరుతో, రెండోవాడిని దాని దరిదాపులకు రానివ్వలేదు.

కథ 1881 జులైలో మొదలవుతుంది. పారిస్‌లో కాన్సల్ పదవి తనకు రావాల్సిందని పట్టుబట్టిన చార్ల్స్ గిటో, అది దక్కక, అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డును కాల్చాడు. సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాడు. గెలిచిన పార్టీ కార్యకర్తలకు కొలువులు పంచే ఆనవాయితీ మీద అప్పటికే ఉన్న రోత ఆ హత్యతో కట్టలు తెంచుకుంది. ఒహాయో సెనేటర్ జార్జ్ పెండిల్టన్ పేరుతో 1883 జనవరిలో వచ్చిన చట్టం, కొన్ని తరగతుల కొలువుల్లో పరీక్ష లేకుండా చేరడాన్నీ పై తరగతికి పోవడాన్నీ ఆపింది. మొదట్లో అది ఫెడరల్ కొలువుల్లో సుమారు పదోవంతుకే వర్తించింది. దాని ఘనత గురించి పుస్తకాలు చాలా చెబుతాయి కానీ ఏడో సెక్షన్‌లోని చిన్న మినహాయింపు మీద ఎవరూ ఎక్కువసేపు ఆగరు: కేవలం కూలీలుగా, పనివాళ్ళుగా ఉన్నవారిని ఈ వర్గీకరణలోకి తీసుకురానక్కర్లేదు. సంస్కరణ పుట్టిన రోజే పరీక్ష రాసి పైకెదిగే గుమాస్తా ఒక పక్క, రెండూ లేని కూలీ మరో పక్క అయ్యారు.

తరవాతి మలుపు కొరియా యుద్ధం. యుద్ధ అవసరం కోసం వేలమందిని తీసుకుంటే, రేపు వాళ్ళంతా శాశ్వతంగా పాతుకుపోతారని మిసిసిపీ ప్రతినిధి జేమీ విట్టెన్ భయం. 1950లో మొదలై 1951లో బిగిసిన ఆయన సవరణ, శాశ్వత ఉద్యోగుల సంఖ్యను 1950 సెప్టెంబరు 1 నాటి స్థాయి దగ్గర కట్టేసింది. కొత్త నియామకాలను తాత్కాలికం చేసింది. ఏడాది తిరగకుండా గ్రేడు మారకూడదంది. ఈనాటి 52 వారాల నియమానికి తల్లి అదే. సవరణకు 1978లో గడువు తీరిపోయినా నియమం మిగిలింది. దాన్ని ఎత్తేస్తామని 2008లో సిబ్బంది నిర్వహణ కార్యాలయం ప్రకటించి, మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది. తాత్కాలిక పద్ధతి కూడా అంతే మొండిగా మిగిలింది. వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకం దగ్గర ఏడాదికోసారి రెన్యువల్ మీద ఎనిమిదేళ్ళు పనిచేసిన ఒక ఉద్యోగి 1993లో చనిపోయినప్పుడు అతని కుటుంబానికి ప్రభుత్వ జీవితబీమా దక్కలేదు. కాంగ్రెస్‌లో దుమారం రేగాక, 1994లో తాత్కాలిక నియామకాలకు రెండేళ్ళ పరిమితి పెట్టారు. గమనించండి, ఆ నియమం ఎనిమిదేళ్ళ మనిషిని పర్మనెంట్ చేయమనలేదు. రెండేళ్ళు దాటి ఉంచుకోవద్దంది.

ఇక ప్రైవేటు కంపెనీ తరఫున వచ్చేవారి సంగతి. ఇక్కడ చట్టం తర్కమే ఓ చిక్కుముడి. ఫెడరల్ చట్టంలో ప్రభుత్వోద్యోగి అంటే మూడు లక్షణాలుండాలి: ప్రభుత్వాధికారి నియమించాలి, ప్రభుత్వ పని చేయాలి, ప్రభుత్వాధికారి పర్యవేక్షణలో ఉండాలి. 1967లో సివిల్ సర్వీస్ కమిషన్ ప్రధాన న్యాయ సలహాదారు లియో పెల్లెర్జీ, నాసా గొడ్డార్డ్ కేంద్రంలోని కాంట్రాక్టులను పరిశీలించి, అవి పేరుకే కాంట్రాక్టులని తేల్చాడు. మనుషులు ప్రభుత్వ ప్రాంగణంలో, ప్రభుత్వ పరికరాలతో, ప్రభుత్వాధికారుల అజమాయిషీలో పనిచేస్తున్నప్పుడు అది ఉద్యోగమే, కనుక పోటీ నియామక చట్టాలను తప్పించుకోవడమే అన్నాడు. రోగనిర్ధారణ సరైనదే. మందే వికటించింది. ఆ మనుషులను ఉద్యోగులుగా గుర్తించే బదులు, వాళ్ళను ప్రభుత్వం ఉద్యోగుల్లా చూడకుండా జాగ్రత్తపడడం కార్యాలయాలకు అలవాటైంది. నేటి ప్రభుత్వ కొనుగోలు నిబంధనల్లోనూ ఎడతెగని పర్యవేక్షణ ఉంటే ఆ కాంట్రాక్టు అనుమానాస్పదమే. అంటే పక్క గదిలోని మనిషి పనితనాన్ని మెచ్చి హోదా పెంచమని అధికారి నేరుగా చెప్పడమే చిక్కు తెచ్చిపెడుతుంది. మంచి మార్కులు వేయగలిగినవాడికి ఆ హక్కు లేదు, హక్కున్న కంపెనీ మేనేజరు వేరే ఊళ్ళో ఉంటాడు.

కంపెనీలు ప్రమోషన్లు ఇవ్వవా, జీతాలు ఎక్కువే కదా అనేవారున్నారు. ఇంజనీర్ల విషయంలో నిజమే. కాపలాదారు, ఊడ్చే మనిషి, క్యాంటీన్ వంటమనిషి విషయంలో కాదు. 1965 నాటి సర్వీస్ కాంట్రాక్ట్ చట్టం వీళ్ళకు స్థానిక వేతనాలు, కొన్ని సౌకర్యాలు కట్టబెట్టింది. అది పెద్ద మేలే. కానీ అది పనికి కనీస ధర కట్టే చట్టం. కాపలాదారు ఇరవై ఏళ్ళకు ఏమవుతాడన్నది దానికి పట్టదు. ఒక విచిత్రం మాత్రం ఉంది: కంపెనీ మారినా అదే చోట పని సాగితే, వేతన సెలవుల అర్హతకు పాత కంపెనీ కింద చేసిన ఏళ్ళూ కలుస్తాయి. సర్వీసును లెక్కపెట్టడం అసాధ్యమనే వాదనకు చట్టంలోనే ఇంతకన్నా మంచి జవాబు దొరకదు. ఇక ఆ మనిషి కొత్త కంపెనీలో కొనసాగుతాడా అంటే, ఆ హామీని 2009లో ఒబామా ఇచ్చారు, 2019లో ట్రంప్ తీసేశారు, 2021లో బైడెన్ మళ్ళీ ఇచ్చారు, 2025లో అదీ రద్దయింది. వీటన్నిటికీ ముందే, 1994లో కాంగ్రెస్ ఫెడరల్ కొలువుల్లో 2,72,900 కోత పెట్టమని చట్టం చేసింది. కొలువులు తగ్గినంత మాత్రాన ప్రభుత్వం చేయాల్సిన పని తగ్గదు. అందులో కొంత కాంట్రాక్టర్ల చేతికి పోయింది.

బలమైన అభ్యంతరం వేరు. బయటివారికి ప్రమోషన్ దారి తెరిస్తే, సిఫారసుతో చేరినవాడు దొడ్డిదారిన శాశ్వతమవుతాడు, గిటో కాలం తిరిగొస్తుంది. ఈ భయం మనకూ కొత్త కాదు. 1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇలాంటి నియామకాలను అరికట్టే చట్టం చేసింది; 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఇంచుమించు ఇదే కారణంతో క్రమబద్ధీకరణకు పగ్గాలు వేసింది. భయం అబద్ధమని నేననను. కానీ అది ఆటోమేటిక్‌గా పర్మనెంట్ చేయడానికి అడ్డు కావాలి తప్ప, పోటీ పడనివ్వడానికి కాదు. 2015లో అమెరికా ఆ తేడాను ఒకచోట ఒప్పుకుంది. అడవులు, పార్కులు చూసే సంస్థల్లో ఏటా సీజనుకు వచ్చే తాత్కాలిక ఉద్యోగులు, మొత్తం 24 నెలలు దాటి సంతృప్తికరంగా పనిచేసి ఉంటే, అంతర్గత ప్రమోషన్ పోటీలో శాశ్వత పోస్టులకు దరఖాస్తు చేసుకోవచ్చని చట్టం వచ్చింది. అంతకుముందు ఏళ్ళ తరబడి కార్చిచ్చులు ఆర్పినవాడు కూడా ఆ పోస్టులకు బయటివాడే. ఎంపిక ఇప్పటికీ పోటీలోనే. మారింది పోటీలోకి ప్రవేశం. సిఫారసుల రాజ్యం తిరిగి రాలేదు. అయితే ఆ చట్టం సీజను ఉద్యోగులకే ఆగింది, వాళ్ళను తీసుకున్నది ప్రభుత్వమే కాబట్టి. అదే పార్కు గేటు దగ్గర కంపెనీ యూనిఫాంలో నిలబడే కాపలాదారుకు అందులో ఒక్క అక్షరం లేదు.